ప్రవాసికి మిత్రుడెవరు?

వనవాసము ముగియవచ్చిన దినములలో, దాహార్తులై పోయిన తమ్ములు నలుగురును విగతజీవులై పడియున్న సరస్సు గట్టున నిలిచి, ధర్మరాజు యక్షుని ప్రశ్నలకు సమాధానములు చెప్పెను. వ్యాసభారతమందలి ఆ ఘట్టమున ప్రశ్నలు పెక్కు గలవు. వానిలో ధర్మమును గూర్చినవి, మనస్సును గూర్చినవి, లోకమున ఆశ్చర్యమేది యను నట్టివి ప్రవచనములలో తరచుగా వినబడుచుండును. మిత్రుని గూర్చిన ప్రశ్న మాత్రము అంతగా వినబడదు. ఇంట నున్నవానికి మిత్రమెవరు, రోగికి మిత్రమెవరు, మరణమునకు చేరువైనవానికి మిత్రమెవరు, పరదేశమున సంచరించువానికి మిత్రమెవరు అని యక్షుడడిగెను. ఇంట నున్నవానికి భార్య, రోగికి వైద్యుడు, మరణోన్ముఖునకు దానము అని చెప్పిన ధర్మరాజు, ప్రవాసికి మిత్రము సార్థము అనెను.

సార్థమనగా బాటసారుల బృందము. పూర్వము వర్తకులు అడవులు దాటునపుడు గుంపుగూడి పోయెడివారు. ఆ గుంపులో నీరు దొరకు చోటు నెఱిగినవాడొకడు, దొంగల తావు నెఱిగినవాడొకడు, ఆ సీమ భాష వచ్చినవాడొకడు ఉండెడివాడు. ధర్మరాజు ధనమని చెప్పలేదు, ఆయుధమని చెప్పలేదు. పండ్రెండేండ్లు ఇల్లు విడిచి తిరిగినవాడు చెప్పిన సమాధానమది. గ్రంథములు చూచి చెప్పినది కాదు.

నేటి ప్రవాసము అడవులలో లేదు, నగరములలో నున్నది. సూరతు నగరమునకు దక్షిణమున, ఉధనా దాటి సచిన్ పోవు మార్గమున పాండేసర యను ప్రాంతము కలదు. గుజరాత్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ అచ్చట నెలకొల్పిన వాడలో బట్టలకు రంగులద్దు మిల్లులు, అచ్చులు వేయు మిల్లులు అనేకములు. చుట్టుప్రక్కల మరమగ్గముల షెడ్లు. దేశమున స్త్రీలు కట్టుకొను కృత్రిమపు పట్టుచీరెలలో ఎన్నియో ఈ నగరమున నేయబడి, ఈ మిల్లులలో రంగు దాల్చినవే. ఈ పనికి ఒడిషాలోని గంజాం నుండి, ఉత్తరప్రదేశ్, బీహార్ల నుండి, మహారాష్ట్రమందలి ఖాందేశ్ నుండి శ్రామికులు వచ్చుచుందురు. తెలంగాణము నుండి వచ్చినవారును తక్కువ కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ సీమల పద్మశాలీలు చేనేతకు గిరాకి తగ్గిన కాలమున కొందరు షోలాపురమునకు, కొందరు భివండికి, కొందరు సూరతునకు తరలిరి. సూరతు నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా పాఠశాలలతోబాటు తెలుగు మాధ్యమపు పాఠశాలలను గూడ నడుపుచున్నదనిన, అచ్చటి తెలుగువారు నిన్న మొన్న వచ్చినవారు కారని తెలియగలదు. సిరిసిల్లలో మరమగ్గమును సాంచా అందురు. సూరతులో అడుగిడిన నేతకానికి చెవినబడు తెలిసిన మాట బహుశః అదియొక్కటే. తక్కినదంతయు క్రొత్త.

ఒక నేతకాడున్నాడనుకొనుడు. ఊరిలో తల్లియు, భార్యాబిడ్డలును ఉన్నారు. ఇచ్చట 12 గంటల పాళీ. నలుగురైదుగురితో కలిసి ఒక గది. మూడు వారములుగా దగ్గుచున్నాడు. సాయంకాలము జ్వరము తగులుచున్నది. వీథి చివరనున్న దవాఖానాలో సూది వేయించుకొనును, మరునాడు తగ్గినట్లుండును, వారము తిరుగకముందే మరల మొదలగును. పని మానిన దినమునకు కూలి లేదు. షెడ్డు యజమానియొద్ద బయానా తెచ్చెను. అదియు చాలక వడ్డీకి తెచ్చెను. కడపటికి రైలెక్కి ఊరు చేరును. ఊరు చేరునప్పటికి రోగము ముదిరియుండును. మంచి గాలి తగిలిన తగ్గునని చుట్టములందురు.

ఈ కథలో విచారింపవలసినదొకటి కలదు. ఆ మనుష్యునకు కావలసిన సహాయమంతయు ఆ నగరముననే యుండెను. రెండు వారములకు మించి దగ్గున్నవానికి క్షయ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితముగా చేయుదురు. రోగమున్నట్లు తేలినచో మందులు ఉచితము. మంచి తిండికై నెలనెలా బ్యాంకులో సొమ్ము పడును. 2018లో 500 రూపాయలుగా మొదలైన ఆ సాయమును 2024 నవంబరు నుండి 1000 రూపాయలు చేసిరి. పాండేసర నుండి బస్సెక్కిన మజూరా గేటునొద్ద న్యూ సివిల్ ఆసుపత్రి కలదు. నగరపాలక సంస్థవారి స్మిమేర్ ఆసుపత్రి వేరుగా కలదు. అతని కార్డు జాతీయ ఆహార భద్రతా చట్టము క్రింద నిచ్చినదైనచో, బియ్యమునకును ఊరు పోనక్కరలేదు. ఒకే దేశము, ఒకే రేషను కార్డు అను పద్ధతి 2019 ఆగస్టులో ఆరంభమైనపుడు తెలంగాణమును ఆంధ్రప్రదేశముతోను, గుజరాతును మహారాష్ట్రముతోను జత చేసిరి. సూరతులోని తెలంగాణపు నేతకానికి దానివలన నాడు ప్రయోజనము లేకపోయెను. 2022 జూను నాటికి అస్సాముతో కలిపి రాష్ట్రములన్నియు అందు చేరినవి. ఇప్పుడు పాండేసర రేషను దుకాణమున వేలిముద్ర వేసి అతడు తన పాలు తీసికొనవచ్చును. మిగిలిన పాలు సిరిసిల్లలో తల్లి తీసికొనవచ్చును. ఇవియన్నియు ఉన్నవి. అతడు గదిలో దగ్గుచునే యున్నాడు.

అతనికి తెలియకపోవుట ఒక కారణము. తెలిసినను ఆసుపత్రి ద్వారమున బోర్డు గుజరాతీలో నుండును, చీటీ వ్రాయువాడు వేగముగా ఏదో యడుగును, వెనుకనున్నవారు త్రోయుచుందురు, తప్పు కిటికీ యొద్ద రెండు గంటలు నిలిచి, పాళీ వేళ మించిపోవునని వెనుదిరుగును. ఒకమారు అట్లు తిరిగివచ్చినవాడు రెండవమారు పోవుట అరుదు. వీనికంటె లోతైనది మరియొకటి కలదు, అది సిగ్గు. మగ్గము నమ్ముకొని బ్రతికిన వంశములవారు చేయి చాచుట నెఱుగరు. ‘మనకెవరిస్తరు?’ అను మాట వారి నోట తరచు వినబడును. పైకది నిరాశవలె తోచును. లోన అభిమానము కలదు. ధర్మముగా తనకు రావలసినదానిని అడుగుట భిక్షము కాదని అతనికి బోధించిన సరిపోదు. ఆ కిటికీ యొద్ద ప్రక్కన నిలిచి, అతడే తన పేరు చెప్పునట్లు చేయవలెను. ఇందులకు పదిమంది ఉపన్యాసకుల కంటె ఒక తోడు మేలు. ‘నడువన్నా, నేను గూడ వస్త’ అను ఆ చిన్న మాట కొరకే అతడు మూడు వారములుగా ఎదురుచూచుచున్నాడేమో!

పాండవులు వారణావతమునకు బయలుదేరిన నాడు హస్తినాపుర ప్రజలు కన్నీరు నించుచు వెంట వచ్చిరి. పెద్దలు దీవించిరి. ఆ కన్నీటియందు కపటము లేదు, ఆ దీవెనలయందు లోపము లేదు. కాని అవి లక్కయింటినుండి ఒక్కరినైనను వెలికి తేజాలవు. విదురుడు మాత్రము ఇతరులకు బోధపడని భాషలో ధర్మరాజుతో కొన్ని మాటలాడెను. అగ్నిభయమును, బిలమున దాగిన ప్రాణి దానిని తప్పించుకొను విధమును, నక్షత్రములను చూచి దిక్కు నెఱుగుటను అందు సూచించెను. దారిలో కుంతి, ఆయన యేమనెను నాయనా, మాకేమియు తెలియలేదే యని యడుగగా ధర్మరాజు విప్పి చెప్పెను. మాట చెప్పి విదురుడు ఊరకుండెనా? కొంతకాలమునకు నమ్మకమైన ఖనకు నొకనిని పంపెను. ఆతడు పురోచనుని కంటబడకుండ సొరంగము త్రవ్వెను. సొరంగము దాటివచ్చినవారికి గంగాతీరమున పడవతో ఒక మనుష్యుడు సిద్ధముగా నుండెను. అతడును విదురుడు పంపినవాడే.

విదురుడు ధర్మము నెఱిగినవాడని అందరును అందురు. ఆ ధర్మజ్ఞానము ఒక గునపముగాను, ఒక పడవగాను మారిన తీరు గమనింపదగినది. ఆపదను తెలిపి ఊరకున్నచో అది యొక మంచి సలహా మాత్రమై యుండెడిది. సాధారణముగా నగరములలో సజ్జనులు చేయు సహాయము ఈ మొదటి మెట్టుననే ఆగిపోవును. ఫలానా చోట ఆసుపత్రి కలదు, పొమ్మందురు. చెప్పినవానికి పుణ్యము చేసితినను తృప్తి కలుగును, విన్నవాడు కదలడు.

మరియొక సూక్ష్మము. ఖనకుడు వచ్చినపుడు ధర్మరాజు అతని నెట్లు నమ్మెను? విదురుడు బయలుదేరునాడు రహస్యముగా ఆడిన మాటలను అతడు గురుతుగా చెప్పెను. పాండేసరలో ఎఱుగని మనుష్యుడు గది తలుపు తట్టి, ఆధార్ కార్డు ఇమ్ము, వేలిముద్ర వేయుము, డబ్బు తెప్పించెదననిన ఎవడు నమ్మును? నమ్మకూడదు గూడ. శ్రామికుల కాగితములు సంపాదించి, వారి పేర సొమ్ము దిగమ్రింగు దళారులు ఏ నగరమునకును క్రొత్తవారు కారు. కావున తోడు పోవువాడు మొదట తోడుగా బ్రతికినవాడై యుండవలెను. అదే వీథిలో నుండువాడు, అదే షెడ్డులో పనిచేయువాడు, పండుగనాడు ప్రక్కన కూర్చుండి భోజనము చేసినవాడు, మాతృభాషలో మాటాడువాడు: ఇవియే అతని గురుతులు. భక్తసమాజములు, కులసంఘములు, భజనమండలులు నగరములలో ఎన్నియో కలవు. వానికి ఈ నమ్మకము పెట్టుబడిగా నున్నది. వారమునకొకమారు భజన జరుగు చోట, భజన ముగిసిన పిదప ఒక అరగంట, ఎవరికి జ్వరము, ఎవరి కూలి నిలిచిపోయినది, ఎవరి బిడ్డను బడిలో చేర్పవలెనని విచారించినచో, ఆ అరగంట భజన కంటె వేరైనదా?

వేరనియే కొందరు సాధకులందురు. ఆసుపత్రులు, రేషను కార్డులు, కూలి తగవులు ఇవి సర్కారువారి పనులు; సాధకునకు జపధ్యానములు చాలునందురు. ఈ సందేహము పాతదే. 1884లో దక్షిణేశ్వరమున శ్రీరామకృష్ణులు వైష్ణవధర్మమును గూర్చి మాటాడుచు జీవులపై దయ యను మాటకడ ఆగిపోయి, దయ చూపుటకు మనుష్యుడెంతవాడు, జీవుని శివుడని తలచి సేవింపవలెను గాని యనిరి. ఆ గదిలో పలువురు వినిరి. నరేంద్రుడొక్కడు దానిలో అడవిలోని వేదాంతమును ఇంటికి తెచ్చు మార్గమును చూచెను. 1899లో కలకత్తాలో ప్లేగు వచ్చినపుడు వివేకానందుల శిష్యురాలు నివేదిత బాగ్‌బజారు వీథులలో స్వయముగా చీపురు చేబట్టెను. ఆమెకు ధ్యానము తెలియదని ఎవరును అనజాలరు.

ప్లేగు మాట వచ్చినది గావున సూరతును మరల తలపవలెను. 1994 సెప్టెంబరులో ఆ నగరమున ప్లేగు పొడసూపినపుడు లక్షలాది జనులు రైళ్లలోను, బస్సులలోను పారిపోయిరి. అందు వలస వచ్చిన శ్రామికులే ఎక్కువ. మందు నగరముననే యుండెను. సామాన్యమైన టెట్రాసైక్లీన్ మాత్రలే దానికి మందు. భయము మందుకంటె వేగముగా పరుగెత్తినది. మరుసటి సంవత్సరము నగరపాలక కమిషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావు చేసిన మార్పులలో ఒకటి ఈ విషయమునకు సన్నిహితమైనది. ఆయన నగరమును ఆరు మండలములుగా చేసి, తన యధికారములను మండలాధికారులకు పంచి, ప్రతిదినము కొన్ని గంటలు అధికారులందరును గదులు విడిచి వీథులలో తిరుగవలెనని నియమించెను. జనుడు కార్యాలయమునకు దారి వెదకుకొనుటకు బదులు కార్యాలయమే జనుని వీథికి వచ్చినది. ఒకప్పుడు మురికికి పేరుబడిన ఆ నగరము 2023 స్వచ్ఛ సర్వేక్షణమున ఇందోరుతో కలిసి ప్రథమస్థానము నందినది.

అయినను కార్యాలయము వీథివరకు రాగలదు గాని గది లోనికి రాజాలదు. 2020 మార్చి చివర దేశమంతయు స్తంభించినపుడు సూరతులో సాంచాలు ఆగినవి. కూలి లేదు, తిరుగు రైలు లేదు. ఏప్రిల్, మే నెలలలో శ్రామికులు ఇండ్లకు పంపుడని వీథుల కెక్కిరి. మే 1న తెలంగాణమందలి లింగంపల్లి నుండి ఝార్ఖండ్ లోని హటియాకు మొదటి శ్రామిక రైలు బయలుదేరినది. వెంటనే సూరతు నుండియు బయలుదేరినవి. ఆ రైళ్లకు పేర్లు నమోదు చేయించుకొనవలెను, పత్రములు నింపవలెను. చదువు వచ్చినవాడు ఒకడున్న గదిలోని వారందరికిని ఆ కష్టము కొంత తేలికైనది; లేని గదిలోనివారు ఎవరి కాళ్లు పట్టుకొనవలెనో తెలియక తిరిగిరి. నాడు దేశము నేర్చిన పాఠములలో శ్రామికుల పేర్లను ముందే వ్రాసియుంచుకొనవలెననునది యొకటి. 2021 ఆగస్టులో ఈ-శ్రమ్ అను నమోదు ఆరంభమైనది. 2025 జనవరి నుండి అది తెలుగుతో సహా 22 భాషలలో లభించుచున్నది. భాష అడ్డు కొంత తొలగినది. కాని చదువు రానివానికి ఏ భాషలో నుండినను ఒకటే గదా!

ఇట్టి తోడునకు యువకులే కావలెనని లేదు. కిష్కింధాకాండమున సీత జాడ తెలియక వానరులు ప్రాయోపవేశమునకు సిద్ధపడి సముద్రతీరమున కూర్చుండిరి. వారిలో మహాబలులుండిరి, ఎగురగలవారుండిరి. ఏ దిక్కునకు ఎగురవలెనో తెలియదు. రెక్కలు కాలిపోయి కదలలేని ముదుసలి గ్రద్ద సంపాతి, దూరదృష్టితో లంకను చూచి దారి చెప్పెను. చెప్పినంతనే అతనికి రెక్కలు మొలిచినవి. ముప్పదియేండ్లు సూరతులో సాంచాలు నడిపి, ఇప్పుడు కండ్లు మసకబారి అరుగుమీద కూర్చుండిన పెద్దలకు ఏ ఆసుపత్రిలో ఏ దినమున ఏ వైద్యుడుండునో, ఏ కార్యాలయమున గుమాస్తా మంచివాడో తెలిసినంతగా పడుచువారికి తెలియదు. వారిని ఎవరును అడుగరు. అడిగినచో వారికి వయస్సు పది సంవత్సరములు తగ్గునని వేరుగా చెప్పనక్కరలేదు.

పిల్లలును పనికివత్తురు. తల్లికి తెలుగు తప్ప రాదు. బడికి పోవు కుమారునికి గుజరాతీ, హిందీ ఆటలలోనే వచ్చినవి. ఆసుపత్రిలో తల్లి బాధను వైద్యునకు చెప్పువాడు తొమ్మిదేండ్ల బాలుడే యగుట నగరములలో సామాన్యము. అయితే దీనికి హద్దు కలదు. స్త్రీ తన రోగములలో కొన్నిటిని కన్నకొడుకు నోట చెప్పించుకొనజాలదు. ఇంటిలో దెబ్బలు తినునది ఆ మాట అసలే చెప్పించుకొనజాలదు. అచ్చట స్త్రీకి స్త్రీయే తోడు. గుజరాతులో 2015 నుండి రాష్ట్రమంతట నడుచుచున్న స్త్రీల సహాయ ఫోను 181కి ‘అభయం’ అని పేరు. గీతలో దైవీసంపదను లెక్కించునపుడు భగవానుడు మొట్టమొదట చెప్పిన గుణము అభయమే. ఆ పేరు పెట్టినవారు దానిని తలచియే పెట్టిరో లేదో గాని, ఆ అంకెను ఇరుగుపొరుగు స్త్రీకి నేర్పి, ఫోను చేయునపుడు చెంత కూర్చుండుట అభయదానము గాక మరేమి? ఇట్టిదే 108. జపమాలలో పూసలెన్నియో, అత్యవసరమున వచ్చు ఆంబులెన్సు అంకెయు అంతియే. అది 2005లో హైదరాబాదున పుట్టి 2007లో గుజరాతునకు వచ్చినది. ఊరిలో 108 తెలిసినవాడు పాండేసరలోను అదియే పనిచేయునని ఎఱుగక ఆటో కొరకు పరుగెత్తుట వింత. కూలి నిలిచిపోయినవానికి మరియొక ద్వారము కలదు. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలకును, బాలురకును, పారిశ్రామిక కార్మికులకును వారి రాబడి ఎంతయని చూడకయే న్యాయసహాయము ఉచితముగా నీయవలెను. జిల్లా న్యాయస్థానమున దానికి కార్యాలయముండును, 15100కు ఫోను చేసినను దారి చెప్పుదురు.

తోడు పోవువానికి గల ప్రమాదములను దాచుట తగదు. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పుట వానిలో మొదటిది. నిరుడు మారిన నియమమును నేడు చెప్పి ఒక దినపు కూలి పోగొట్టినవాడు మేలు చేయలేదు. పోకముందు విచారించుట సేవలో భాగమే. అహంకారము ఇంతకంటె సూక్ష్మమైనది. పదిమందికి పనులు చేసిపెట్టినవానికి, తాను లేనిదే వీరికి గతిలేదను భావము తెలియకుండ ప్రవేశించును. కాగితములన్నియు తనయొద్దనే పెట్టుకొనును. కిటికీ యొద్ద తానే మాటాడును. రోగిని వెనుక నిలుపును. కాలక్రమమున ఇతనికిని దళారికిని భేదము పుచ్చుకొను సొమ్మునందు మాత్రమే మిగులును. ఆ సొమ్ము గూడ ఏదో యొకనాడు రాకమానదు. మంచి తోడు మొదటిమారు ముందు నడచును, రెండవమారు ప్రక్కన నడచును, మూడవమారు పోవుటకు నిరాకరించును. ఆ నిరాకరణ కఠినముగా కనబడును. విదురుడు పడవ నెక్కి పాండవులతో ఏకచక్రపురమునకు పోలేదు.

కులమునకును, భాషకును సేవను పరిమితము చేయుట మరియొక చిక్కు. కులసంఘము లేకున్న ఆరంభమే లేదని ముందు చెప్పబడినది; అదియే ప్రహరీగోడ యగుటకు ఎక్కువ కాలము పట్టదు. పద్మశాలీలు మార్కండేయ మహర్షిని కులగురువుగా కొలుతురు. యముడు పాశము విసిరినపుడు ఆ బాలుడు లింగమును కౌగిలించుకొని బ్రతికెను. చేతికందునంత దూరమున ఆ లింగముండుట అతని భాగ్యము. ప్రక్కగదిలోని వానికి ఏది చేతికందుచున్నది?

కోలుకొన్న నేతకాడు తిరిగి సాంచాల మీదికి వచ్చును. గోడకావల గంజాం నుండి వచ్చిన కుర్రవాడు రాత్రియంతయు దగ్గుచుండుట అతనికి వినబడును. ఇతనికి ఒడియా రాదు, అతనికి తెలుగు రాదు. ఇద్దరికిని వచ్చినది మిల్లులో నేర్చిన నాలుగు హిందీ మాటలు. ఆసుపత్రిలో చీటీ వ్రాయు కిటికీ ఏదియో, ఏ వేళకు పోయిన వరుస తక్కువగా నుండునో, కఫము పరీక్షించు గది ఏ వైపుననో మాత్రము ఇప్పుడితనికి చక్కగా తెలియును. రేపు పాళీ సాయంకాలము ఏడు గంటలకు గాని లేదు.